మెట్ల కింద కాపురమున్న లాన్ మోవర్ గారికి

నల్లగొండ,
దసరాకు రెండు రోజుల ముందు.

అయ్యా,

మీరు మా ఇంటికి వచ్చి మూడేళ్లు నిండాయి. చుట్టం మూడు రోజులుంటేనే బరువంటారు. మీరు మూడేళ్ల నుంచి మెట్ల కింద, పాడైన కూలర్‌కు, వినాయకుడి పందిరి బొంగులకు మధ్య, పాత దుప్పటి కప్పుకొని కూర్చున్నారు. మిమ్మల్ని ఏమని పిలవాలో కూడా ఇంతవరకు ఇంట్లో తేలలేదు. బిల్లు మీద లాన్ మోవర్ అని ఉంది. అమ్మ గడ్డి బండి అంటుంది. నాయినైతే 'నీ కొడుకు కొన్న నాగలి' అంటాడు, నాతో కాదు, నాకు వినబడేటట్టు అమ్మతో.

మిమ్మల్ని తెచ్చిన రోజు సంగతి మీకు గుర్తుందో లేదో. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, పంపులు అమ్మే దుకాణాల వరసలో ఒకదాంట్లోకి పోయి 'లాన్‌కు మిషన్ కావాలి' అన్నాను. అతను నా చెప్పులు చూశాడు, చేతిలో కారు తాళం చూశాడు, 'ఫామ్ హౌసా సార్?' అన్నాడు. ఇంటి ముందు అరవై గజాల గడ్డి అని చెప్పడానికి నోరు రాలేదు. 'ఆఁ, అట్లాంటిదే' అన్నాను. ఆ ఒక్క మాటకు ఇరవై ఒక్క అంగుళాల కోత, పెట్రోల్ ఇంజన్, ఎవరూ తోయకపోయినా ముందుకు ఉరికే వెనక చక్రాలు, ముప్పై కిలోలకు పైనే బరువు, అన్నీ నా వెంట నల్లగొండ దారి పట్టాయి.

ఎకరానికి 4,840 గజాలు. గుంటకు 121. మా గడ్డి అర గుంటకు అర గజం తక్కువ. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. సాలుకు సాలు కొంచెం ఒరుసుకుంటూ పోయినా మీతో పన్నెండు సాళ్లు, అంతా కలిపి 360 అడుగులు. పొద్దున పాల ప్యాకెట్‌కు అంతకంటే ఎక్కువ నడుస్తాను. మిమ్మల్ని మెట్ల కింది నుంచి బయటికి తీయడానికి మాత్రం ఇరవై నిమిషాలు పడుతుంది. స్కూటర్ తీయాలి, కూలర్ జరపాలి, బొంగులు గోడకు నిలబెట్టాలి, బొంగుల మధ్య కాపురం పెట్టిన బల్లిని సముదాయించాలి.

నాయిన ఎర్ర చెల్క దున్నిన మనిషి. మిమ్మల్ని చూసి ఒక్కటే అన్నాడు. "భూమిని చూసి ఎడ్లను కొంటరు బిడ్డా. నువ్వు ఎడ్లను కొని భూమికి దేవులాడుతున్నవ్." ఆయన అన్నది నిజం. పక్కనున్న ఖాళీ ప్లాటు గజం ఎంతకు ఇస్తారో ఒకసారి అడిగి వచ్చాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీలోనే ఉంచుకోండి.

మీ వంశం గొప్పదని నేను కాదనను. ఇంగ్లండ్‌లో స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో మీ మూలపురుషుణ్ని తయారు చేశాడు. ఆ చుట్టుపక్కల ఉన్ని బట్టల మిల్లులు. నేసిన బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి, ఈ బ్లేడ్ల చుట్టనే నేల మీద దొర్లిస్తే గడ్డి తెగదా అనుకున్నాడట. మా దగ్గర మగ్గాలకు లోటా? పోచంపల్లి ఉంది, అటు నారాయణపేట, గద్వాల ఉన్నాయి. ఇన్ని తరాల్లో ఒక్క నేతన్నకైనా మగ్గం ముందు కూర్చుంటే గడ్డి గుర్తుకు రాలేదు. బడ్డింగ్ గారిని తప్పుపట్టను. ఆయన ఊళ్లో ఏడాదిలో ఎప్పుడంటే అప్పుడు ముసురు. కోయకపోతే గడ్డి గుమ్మం దాకా వస్తుంది. మా గడ్డికి జూన్‌లో ప్రాణం వస్తుంది, అక్టోబర్ దాటితే ముడుచుకుంటుంది, ఏప్రిల్ నాటికి చాప.

చాప కాకుండా పచ్చగా ఉండాలంటే నీళ్లు పెట్టాలి. లాన్‌కు వారానికి ఒక అంగుళం నీళ్లంటారు. వినడానికి ఎంత, అంగుళమే కదా. 540 చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లు నిలబెడితే దాదాపు 1,270 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లతో కొలిస్తే అరవై మూడు క్యాన్లు, ఇంకో క్యాన్‌లో సగం పైన. వారానికి.

ఇది నల్లగొండ అయ్యా. మా అమ్మ పుట్టినిల్లు మర్రిగూడ వైపు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మా పెద్ద మేనమామ వెన్నులోకి, మెడలోకి దిగింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. 2015లో ప్రభుత్వం చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పథకానికి పైలాన్ కట్టి ఇంటింటికీ నల్లా అన్నప్పుడు ఆయన లేడు. మా ఇంటికి కృష్ణ నీళ్లు వచ్చిన మొదటి రోజు అమ్మ బిందె తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి పట్టింది. ఆ నల్లాకే నేను పైపు తగిలించి గడ్డికి కొట్టాను, అది పెరిగితే మీతో కోయించడానికి. అమ్మ ఏమీ అనలేదు. వచ్చి నల్లా కట్టేసి లోపలికి పోయింది. అప్పటి నుంచి బట్టలు ఉతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లే గడ్డికి. దాంతో అది ఎంత పెరుగుతుందో మీకే తెలుసు, ఆ వేళల్లో మీకు పని ఉండదు కాబట్టి.

గడ్డి వేసిన కుర్రాడు మెక్సికన్ గ్రాస్ అని చెప్పి, చదరాలుగా కోసిన పచ్చిక ముక్కలు ఆటోలో తెచ్చి పరిచాడు. మొదటి ఏడు బాగానే ఉంది. రెండో వానాకాలానికి మెక్సికో వెళ్లిపోయింది, గరిక వచ్చి కూర్చుంది. పైన తీగ పాకుతుంది, లోపల వేరు పాకుతుంది, ఎక్కడ కణుపు నేలకు తగిలితే అక్కడ పిలక వేస్తుంది. నాయిన నలభై ఏళ్లు చెల్కలో గరిక తవ్వి గట్టు మీద పారేశాడు. ఇప్పుడు ఆయన కళ్ల ముందే ఆయన కొడుకు దానికి యూరియా చల్లుతున్నాడు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చొని ఆయన దాన్ని చూసే చూపు నేను వర్ణించలేను.

మీరు చేసిన మొదటి ఘనకార్యం వినాయక చవితి ముందు రోజు. చుట్టాలు వస్తున్నారు, లాన్ నున్నగా ఉండాలని మీ ఎత్తు పిడిని అన్నిటికంటే కింది గాడిలో వేశాను. ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకూడదని తర్వాత తెలిసింది. ఆ రోజు మూడు వంతులూ కోసేశారు. అక్కడక్కడా మట్టి తేలింది. తెల్లారి మా ఇంటామె పత్రి పళ్లెం పట్టుకొని బయటికి వచ్చింది. స్వామికి ఇరవై ఒక్క జతల గరిక కావాలి. అరవై గజాలు వెతికినా మూడు ఆకుల పోచ ఒక్కటి దొరకలేదు. "ఇంటి ముందు ఇంత గరిక పెట్టుకొని గరికకు బజారుకు పోవాల్నా?" అంది. పోయాను. క్లాక్ టవర్ దగ్గర ఇరవై రూపాయలకు గుప్పెడు ఇచ్చారు. ఆ గుప్పెడు ఎవరి లాన్‌లోదో, ఆ ఇంట్లో మాత్రం మీ వాళ్లెవరూ లేరని రూఢి.

రెండో ఘనకార్యం ఆ మరుసటి ఏడు. నల్లగొండలో నేల కింద గుండు రాయి ఉంటుందని పిల్లలకు కూడా తెలుసు. వాన నాలుగు సార్లు దంచికొడితే కొంచెం తల బయటపెడుతుంది. మీ కత్తి నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ పోయి దాని నెత్తి మీద కొట్టింది. ఠంగుమని ఒక శబ్దం, తర్వాత నిశ్శబ్దం. తాడు ఎన్ని సార్లు లాగినా మీరు ఒకసారి దగ్గి ఊరుకున్నారు. ఆటోలో ఎక్కించి బైక్ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను చుట్టూ తిరిగి చూసి, "ఏం బండి సార్ ఇది, సీటేది?" అన్నాడు. తర్వాత పైమూత విప్పి, ఫ్లైవీల్ తీసి, వేలి చివర పట్టేంత ఇనుప ముక్కను చూపించాడు. మధ్యలో తెగి రెండు మెట్లుగా జరిగి ఉంది. కత్తికి దెబ్బ తగిలితే ముందు ఈ కీ తెగుతుందట. కీ జరిగితే స్పార్క్ రావాల్సినప్పుడు రాదు, ఇంజన్ అందుకోదు. అంత పెద్ద ఇంజన్ పరువు ఆ చిన్న ముక్క చేతిలో ఉండడం చూసి నాకు మీ మీద మొదటిసారి కొంచెం జాలి కలిగింది. కత్తి వంగింది చూడండి అని చెప్పి దాన్ని కూడా విప్పి ఇచ్చాడు. దానికి సాన పట్టించి, రెండు వైపులా బరువు సమంగా ఉందో లేదో మేకుకు వేలాడదీసి చూసుకొమ్మన్నాడు. కొడవలికి ఈ పూజలన్నీ లేవు.

మీ దాయాదుల గురించి కూడా తర్వాత తీరికగా వాకబు చేశాను, పెళ్లయ్యాక మిగతా సంబంధాలు ఆరా తీసినట్టు. చేత్తో నెట్టే రీల్ మిషన్ ఒకటుంది, బడ్డింగ్ గారి అసలు వారసుడు. ఇంజన్ లేదు. చక్రం తిరిగితే బ్లేడ్ల చుట్ట తిరిగి, కింద ఉన్న పట్టీకి ఒరుసుకుంటూ గడ్డిని కత్తెరలా తెంపుతుంది. మీలా కొట్టి చీల్చదు. అరవై గజాల చదునుకు అదే చాలు, పన్నెండు అంగుళాలది. కానీ రెండు వారాలు ఊరుకొని గడ్డి మోచెయ్యంత పెరగనిస్తే దాని వల్ల కాదు, పుల్ల దొరికినా బిగుసుకుంటుంది. కరెంటు వైరుతో నడిచేది చవక, వైరు ఎప్పుడూ కోసిన వైపు ఉండేటట్టు నడవాలి, మరిచిపోతే గడ్డితో పాటు కరెంటూ కోస్తాం. బ్యాటరీది నాకు నిజంగా నచ్చింది. సప్పుడు తక్కువ, పక్కింటాయన కిటికీ మూయడు. మే నెలలో రేకుల కింద వదిలేస్తే మాత్రం దాని బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. కూర్చొని తోలేది ఎకరాల వాళ్లకు. రోబో ఒకటి ఉందట, మా వీధి కుక్కలకు ఆ సంగతి తెలియకపోవడమే దాని అదృష్టం.

ఎన్ని గజాలు, చదునా మిట్టపల్లమా, మధ్యలో ఎన్ని చెట్లు, తోసేది ఎవరు. దుకాణంలో అతను అడగాల్సింది ఇంతే. అడగలేదు సరే, నేనైనా చెప్పి ఉంటే బాగుండేది. మా దాంట్లో రెండు కొబ్బరి చెట్లు, ఒక వేప, ఒక తులసి కోట ఉన్నాయి. తులసి కోట చుట్టూ మీరు తిరగలేరు. అయ్యా, మీరు ప్రదక్షిణకు కూడా పనికిరారు.

పెట్రోల్ సంగతి రాస్తే ఉత్తరం పెరుగుతుంది. బంకులో సీసాలో పోయబోమన్నారు, స్కూటర్‌లోంచి పైపు పెట్టి పీల్చాను, అది నోట్లోకి వచ్చింది. మిగిలింది మీ ట్యాంకులో ఎండాకాలమంతా ఉండి కార్బురేటర్‌లో జిగురు కట్టింది. అప్పటి నుంచి మీరు మౌనవ్రతం.

ఇప్పుడు మా గడ్డి ఎవరు కోస్తున్నారో మీకు దుప్పటి సందులోంచి కనబడుతూనే ఉంటుంది. వెనక వీధి నుంచి బర్రెలున్న అవ్వ వస్తుంది. కొంగు నడుముకు చెక్కి, గొంతుకూర్చుని, ఎడమ చేత్తో గరిక పిడికిలి పట్టి కొడవలి ఒకసారి లాగుతుంది. పిడికిలి పక్కన పెట్టి అర అడుగు ముందుకు జరుగుతుంది. గుండు దగ్గర కొడవలి తనంతట తనే పైకి లేస్తుంది. తులసి కోట చుట్టూ, చెట్ల మొదళ్లలో, గోడ వారన, మీరు ఎన్నడూ మూతి పెట్టని చోటల్లా కోస్తుంది. గంటన్నరలో మోపు కట్టి నెత్తిన పెట్టుకొని పోతుంది. డబ్బులివ్వబోతే, "గడ్డి ఇచ్చి పైసలు కూడా ఇస్తవా సారూ?" అని నవ్వింది. వారం వారం ఒక పెద్ద గిలాసలో పాలు పంపిస్తుంది. ఒకసారి మీరు కోసి సంచిలో నింపిన గడ్డి ఇవ్వబోయాను. గుప్పెట్లోకి తీసి వాసన చూసి కింద పోసింది. "తవుడు తీరు చేసింది గదా. వేడెక్కింది. పెట్రోల్ వాసన. బర్రె మూతి పెట్టది."

అమ్మేద్దామని ఒకరిద్దరిని అడిగాను. ఒకాయన వచ్చి చూసి, ఫామ్ హౌస్ ఉందన్నాడు. ఎన్ని గజాలని అడిగాను. ఆయన కొంచెం తడబడి, కారు తాళం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఇవ్వనని చెప్పి పంపించాను.

ఎల్లుండి దసరా. నాయిన పొద్దున్నే కొడవళ్లు, పార, గునపం కడిగి అరుగు మీద వరసగా పెడతాడు. కూలర్ జరిపి మిమ్మల్నీ తెస్తాను, దుమ్ము తుడుస్తాను, బొట్టు పెడతాను. నాలుగు చక్రాల కింద పెట్టడానికి నకిరేకల్ నిమ్మకాయలు నాలుగు తెచ్చి ఉంచాను. స్టార్ట్ కావాల్సిన పనేం లేదు, వెనక నుంచి నేనే నెడతాను. నాయిన చూస్తుంటాడు కాబట్టి, నిమ్మకాయలైనా సరిగ్గా తొక్కండి.

ఇట్లు,
అర గుంటకు అర గజం తక్కువ ఆసామి.