మహారాజశ్రీ పార్కింగ్ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘వాహనములకు యాజమాన్యము బాధ్యత వహించదు’ బోర్డు వారికి నమస్కరించి వ్రాయునది.

అమీర్‌పేట కాంప్లెక్సుల సెల్లార్లలోను, నాగోలు ఫంక్షన్ హాళ్ల గేట్ల పక్కన, కోఠి సందుల్లోని పెయిడ్ పార్కింగుల్లోను తమరి దర్శనం మా నగరవాసులకు నిత్యం లభిస్తూనే ఉంది. కొన్నిచోట్ల తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ తమరు బాధ్యతను నిరాకరిస్తారు. భాషల విషయంలో ఇంత సమదృష్టి మా ప్రభుత్వ కార్యాలయాల్లో కూడా అరుదు. రేకు మీద ఎర్ర ఆయిల్ పెయింటుతో రాసిన ఆ ఒక్క వాక్యానికి, శాసనసభ ఆమోదించి గెజిట్‌లో ప్రకటించిన చట్టానికి ఉండవలసిన ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో అడగడానికే ఈ లేఖ.

తమరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కుర్రవాడు డబ్బు పుచ్చుకుని, బండి నంబరులోని చివరి నాలుగు అంకెలను బాల్‌పెన్నుతో గీకి, గులాబీ రంగు చీటీని సగానికి చించి చేతిలో పెడతాడు. చీటీ వెనక్కి తిప్పితే అక్కడా తమరే, చీమ తలకాయంత అక్షరాల్లో. ముహూర్తాల రోజుల్లో అయితే ‘అన్నా, తాళం ఇచ్చిపో, అడ్డమొస్తే జరుపుతా’ అని తాళంచెవి కూడా తీసుకుని గోడకున్న మేకుకు తగిలిస్తాడు. తమరి వాక్యానికి బలం సన్నగిల్లేది సరిగ్గా ఆ మేకు దగ్గరే.

ఒక పని నిమిత్తం వస్తువును అప్పగించి, ఆ పని తీరాక తిరిగి తీసుకునే ఏర్పాటును 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. పుచ్చుకున్నవాడు దాన్ని, సామాన్య వివేకం గల మనిషి అంతే పరిమాణం, నాణ్యత, విలువ గల సొంత వస్తువును ఎంత భద్రంగా చూసుకుంటాడో అంత భద్రంగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి కారు తాళాన్ని అక్కడి సిబ్బందికి ఇచ్చారు. నష్టం వస్తే కారు యజమానిదే పూచీ అనే షరతున్న టోకెన్ పుచ్చుకున్నారు. ఆయన తిరిగి వచ్చేసరికి కారును ఎవరో తోలుకుపోయారు. వివాదం నడిచి నడిచి 2019 నవంబరులో సుప్రీంకోర్టులో తేలింది. తన అజాగ్రత్త వల్ల కలిగిన నష్టాన్ని హోటల్ అటువంటి షరతు చాటున తప్పించుకోజాలదని, కారు ఎలా పోయిందో సంజాయిషీ చెప్పుకోవలసిన భారం ముందుగా హోటల్ మీదే ఉంటుందని న్యాయస్థానం తేల్చింది. అది మన చీటీకి అన్నగారి వంటి టోకెన్ అని తమరికి వేరే చెప్పనక్కరలేదు. తాళం తన జేబులోనే ఉంచుకుని ఖాళీ జాగాలో తానే బండి నిలుపుకున్నవాడి సంగతి వేరు. అక్కడ అసలు అప్పగింత జరిగిందా లేదా అన్నది పరిస్థితులను బట్టి తేలాలి కాబట్టి తమరి మాట కొంత చెల్లవచ్చు. నేను అన్యాయంగా మాట్లాడదలచుకోలేదు.

కుర్రవాడు బండిని జరపబోయి పక్కనున్న స్కూటీ మీద పడవేశాడనుకుందాం. అప్పుడు తమరి పక్షాన మేనేజరు గారు వచ్చి, ‘వాడు చేసినదానికి మమ్మల్ని అడిగితే ఎలా’ అంటారు. జీతమిచ్చి పనిలో పెట్టుకున్నవాడు ఆ పని చేస్తూ చేసిన పొరపాటు యజమాని మెడకు కూడా చుట్టుకుంటుందన్నది న్యాయశాస్త్రంలో పాతకాలపు సూత్రమే. పార్కింగును కాంట్రాక్టుకు ఇచ్చేశామనే వాదన కాస్త నిలుస్తుంది గాని, తమరి మీద కాంట్రాక్టరు పేరు ఎక్కడా కనబడదు.

సర్కారు వారు కూడా ఒకప్పుడు ఇటువంటి బోర్డు పెట్టుకున్నవారే. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఠాణాలోని హెడ్ కానిస్టేబులే కాజేసి పాకిస్తాన్‌కు పారిపోతే, అది సార్వభౌమాధికారంతో చేసిన పని గనుక రాష్ట్రం చెల్లించనక్కరలేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. కాని 1994లో, అధికారులు స్వాధీనం చేసుకున్న సరుకు వారి నిర్లక్ష్యం వల్ల పాడైన ఒక ఎరువుల వ్యాపారి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీదే అదే కోర్టులో గెలిచాడు. ఇంత పెద్ద సర్కారు బోర్డుకే పెచ్చులూడిన తరువాత, సెల్లారులోని రేకు బోర్డుకు ఎందుకంత బింకం?

ఇంతకీ తమరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో ఆ యాజమాన్యం గురించి. పేరు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉంటే, వాటాదారులు పోగొట్టుకునేది తమ వాటాల సొమ్ము వరకే. 1897లో లండన్‌లో సాలమన్ అనే తోలు బూట్ల వ్యాపారి కేసుతో, కంపెనీ వేరు, దాన్ని పెట్టిన మనిషి వేరు అన్న సంగతి స్థిరపడింది. ఇది న్యాయమైన సదుపాయమే, లేకపోతే వ్యాపారంలో ఎవరు దిగుతారు? వినోదమంతా ఆ యాజమాన్యం అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు. అక్కడ డైరెక్టరు గారు వ్యక్తిగత పూచీకత్తు పత్రంలో ప్రతి పేజీ కిందా వినయంగా సంతకం పెడతారు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, పూచీదారుడి బాధ్యత అసలు అప్పుదారుడి బాధ్యతతో సమానమని ఆ 1872 చట్టమే 128వ సెక్షన్‌లో అంటుంది. దివాలా తీసిన కంపెనీ అప్పుల పరిష్కార ప్రణాళికకు ఆమోదం వచ్చినంత మాత్రాన పూచీదారుడు బయటపడడని 2021 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గేటు దగ్గర హెల్మెట్‌కు కూడా పూచీ పడనివారు బ్యాంకు మేనేజరు ఎదుట ఇంటితో సహా పూచీ పడతారు.

ఆడిటరు గారి ఎదుట ఇంకో ముచ్చట. పోయిన బండికి పరిహారం కోరుతూ ఎవరైనా వినియోగదారుల కమిషన్‌కు వెళితే, ఇంకా తేలని ఆ సొమ్మును లెక్కల చివరి నోట్సులో కంటింజెంట్ లయబిలిటీగా, అంటే ముందుముందు మీద పడే అవకాశమున్న బాధ్యతగా, చూపించాలి. చెల్లించక తప్పదనిపిస్తే లెక్కల్లోనే కేటాయింపు చేయాలి. అంటే మాకు లేదని తమరు చెప్పే బాధ్యతను వాటాదారులకు మాత్రం రూపాయల్లో చెప్పవలసి ఉంటుందన్నమాట.

కావున తమరి రేకు మీద, అడుగున జానెడు జాగా ఖాళీగా ఉంది గనుక, ఈ వాక్యం కూడా రాయించుకోవలసిందిగా ప్రార్థన: ‘తాళంచెవి మాకు అప్పగించినవారికి పై మాట వర్తించదు, చీటీ పోగొట్టుకోకండి.’

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక ద్విచక్ర వాహనదారుడు, హైదరాబాద్