థియేటర్ బయటే నిలబెట్టే చదువు

ముంబైలోని నాయర్ ఆసుపత్రిలో గైనకాలజీ పీజీ చేస్తున్న డాక్టర్ పాయల్ తడ్వీ 2019 మే 22న ఆత్మహత్య చేసుకుంది. ఆమె జల్‌గావ్ ప్రాంతపు తడ్వీ భిల్ ఆదివాసీ. ముగ్గురు సీనియర్లు కులం పేరుతో వేధించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో అనస్తీషియా పీజీ చేస్తున్న లంబాడా అమ్మాయి డాక్టర్ ప్రీతి చనిపోయినప్పుడూ తల్లిదండ్రులు సీనియర్ వేధింపులే కారణమన్నారు. రెండుసార్లూ చర్చంతా ర్యాగింగ్ చుట్టూనే తిరిగింది.

ర్యాగింగే అయితే జూనియర్ సీనియర్ అయ్యాక ఆగిపోవాలి. ఈ కులవివక్ష ఆగదు. పీజీలో అసలు చదువు పుస్తకాల్లో కాదు, సీనియర్ల చేతిలో ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లోకి ఎవరు రావాలి, వార్డులో రిపోర్టులు పట్టుకుని ఎవరు తిరగాలి అన్నది చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది. తిట్టక్కర్లేదు. ‘నువ్వు వార్డు చూసుకో’ అని రోజూ అంటే చాలు. మూడేళ్లు గడిచినా ఆ అమ్మాయికి సిజేరియన్‌లో చెయ్యి తిరగదు. అప్పుడు ‘కోటాలో వచ్చిందిగా’ అనేస్తారు. లోపాన్ని తయారుచేసిన వాళ్లే దాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. పాయల్‌ను కాన్పులకు, ఆపరేషన్లకు దూరంగా పెట్టారన్నది కూడా కుటుంబం ఆరోపణల్లో ఒకటి.

ఇదేమీ కొత్తగా బయటపడింది కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కులవివక్షపై సుఖ్‌దేవ్ థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. వైవాలో (నోటి పరీక్షలో) ఎగ్జామినర్లు కులం ఆరా తీస్తున్నారని విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. వేధింపులు పడలేక ఎస్సీ, ఎస్టీ పిల్లలు గదులు మార్చుకుని హాస్టల్ పై అంతస్తుల్లో ఒకచోట చేరారు. ఇప్పుడు కులం నేరుగా అడగాల్సిన పని కూడా లేదు, ‘నీట్‌లో ర్యాంకెంత?’ అంటే సరిపోతుంది.

2016లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆత్మహత్య చేసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబేదా కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. క్యాంపస్‌లలో కులవివక్షను అడ్డుకునే నిబంధనలు గట్టిగా అమలు కావాలన్నది వాళ్ల పిటిషన్. నిబంధనలు కావాల్సిందే. కానీ ఫిర్యాదు వినే కమిటీలో సొంత డిపార్ట్‌మెంట్ వాళ్లే ఉండి, రేపు థీసిస్ మీద సంతకం పెట్టేదీ వాళ్లే అయితే ఏ విద్యార్థి నోరు విప్పుతుంది? విచారణ కాలేజీ బయట జరగాలి. పీజీలు ఎలాగూ తాము చేసిన పనుల లెక్క లాగ్‌బుక్‌లో రాస్తారు. ఒకే యూనిట్‌లో ఎవరికెన్ని ఆపరేషన్లు దక్కాయో ఆరు నెలలకోసారి పక్కపక్కన పెట్టి చూస్తే వివక్ష అంకెల్లోనే కనిపిస్తుంది. ఆదివాసీ ప్రాంతాలైన పాడేరు, ఆసిఫాబాద్‌లలో కొత్త మెడికల్ కాలేజీలు తెరిచిన ప్రభుత్వాలకు ఇది పైసా ఖర్చు లేని పని.