బార్క్‌లీని కొన్నది 2024లో, దారి వేసింది అంతకు పదకొండేళ్ల ముందు నుంచి

2024 నవంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జాక్సన్‌విల్‌తో ఫిలడెల్ఫియా ఈగిల్స్ మ్యాచ్. ఈగిల్స్ తరఫున బంతితో పరుగెత్తే సేక్వాన్ బార్క్‌లీ చిన్న పాస్ అందుకున్నాడు, ఒకరిని తప్పించుకుని గిర్రున తిరిగాడు. ఇంకా వీపు అటే ఉండగా, ఎదురొచ్చిన మరో డిఫెండర్ మీదుగా వెనక్కి ఎగిరి అవతల కాళ్ల మీద నిలబడ్డాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అలాంటి ఆటగాణ్ని మూడేళ్లకు 3.77 కోట్ల డాలర్లకు తెచ్చుకోబట్టే ఆ సీజన్‌లో ఈగిల్స్ సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిందని చాలామంది తేల్చేశారు. నేను ఒప్పుకోను.

ఇదే బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున 962 గజాలు పరుగెత్తాడు. ఈగిల్స్‌కు వచ్చాక 2,005. రెండు మ్యాచులు ఎక్కువ ఆడిన మాట నిజమే. కానీ బంతి పట్టి పరుగెత్తిన ప్రతిసారీ వచ్చే సగటు కూడా 3.9 నుంచి 5.8 గజాలకు పెరిగింది. మనిషి అతనే, కాళ్లూ అవే. మారింది ముందు నిలబడి దారి తెరిచే ఐదుగురు.

ఐపీఎల్ వేలం చూసే మనకు ఎన్‌ఎఫ్‌ఎల్ పద్ధతి కొత్తగా ఉంటుంది. అక్కడ కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లకు వేలంపాట లేదు. గత సీజన్‌లో అడుగున నిలిచిన జట్టు మొదట ఎంచుకుంటుంది, అలా ఏడు రౌండ్లు. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఎన్నో స్థానంలో ఎంపికైతే ఎంత జీతమన్నది 2011 ఒప్పందం నుంచి దాదాపు ముందే ఖాయం. ఒప్పందం నాలుగేళ్లు. అంటే మంచి కుర్రాడు దొరికితే నాలుగేళ్లు చౌకగా ఆడతాడు. గడువు తీరి ఫ్రీ ఏజెంట్ అయినవాడు మాత్రం ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికి వెళ్తాడు. 32 జట్లకూ జీతాల పరిమితి ఒక్కటే. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. డ్రాఫ్ట్‌లో మిగిల్చుకున్నదే ఫ్రీ ఏజెన్సీలో ఖర్చు పెట్టగలరు.

ఈ వరస తప్పితే ఏమవుతుందో ఈగిల్స్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2011లోనూ జట్టును కూర్చే జనరల్ మేనేజర్ హోవీ రోస్‌మనే. పాసులను అడ్డుకునే డిఫెండర్ (కార్నర్‌బ్యాక్) నామ్డీ అసొముహాకు ఐదేళ్లకు 6 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు, ఇంకా పేరున్నవాళ్లను వరసగా తెచ్చారు. ఆ వేసవిలోనే చేరిన విన్స్ యంగ్ 'డ్రీమ్ టీమ్' అన్నాడు. ఫలితం 8 గెలుపులు, 8 ఓటములు. మరుసటి ఏడాది 4-12. కోచ్ ఆండీ రీడ్ ఉద్యోగం పోయింది. ఆ 'డ్రీమ్ టీమ్' ఏడాదిలో పదమూడు సీజన్ల పాటు పనికొచ్చిన సంపాదన ఒకటుంది: ఆరో రౌండ్‌లో, 191వ స్థానంలో తీసుకున్న సెంటర్ (దారి తెరిచే ఐదుగురిలో నడిమివాడు) జేసన్ కెల్సీ. ఆ రోజు అతని గురించి మాట్లాడినవాళ్లు ఎందరు?

బార్క్‌లీకి దారి తెరిచిన ఆ ఐదుగురి వరసను, అంటే లైన్‌ను చూడండి. లేన్ జాన్సన్ 2013 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపిక. జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడిన ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. 2018లో ఏడో రౌండ్‌లో, 233వ స్థానంలో తీసుకునే నాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. మొదటి రెండు సీజన్లు మైదానంలోకే దిగలేదు. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ ఓపిగ్గా నేర్పాడు. కాలేజీలో మోకాలి గాయాల వల్ల వెనకబడ్డ లాండన్ డికర్సన్ 2021లో రెండో రౌండ్‌లో దొరికాడు. కెల్సీ రిటైరవడానికి రెండేళ్ల ముందే, 2022లో, అతని స్థానానికి క్యామ్ జర్గెన్స్‌ను తెచ్చిపెట్టుకున్నారు. ఐదోవాడు మెకాయ్ బెక్టన్ ఒక్కడే బయటి నుంచి, అదీ ఒక్క ఏడాదికి.

డిఫెండర్ జాక్ బాన్ కథ కూడా ఇలాంటిదే. న్యూ ఆర్లీన్స్‌లో చోటు కుదరని అతణ్ని 35 లక్షల డాలర్లకు ఏడాది ఒప్పందంతో తెచ్చి, ఆడే స్థానం మార్చారు. ఆ సీజన్‌లోనే ఆల్-ప్రో (లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాళ్ల జాబితా)లో చేరాడు.

డ్రాఫ్ట్ ఎంపికలను వేరే జట్లకు ధారపోసి పేరున్నవాళ్లను తెచ్చుకున్న రామ్స్ జట్టు 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలవలేదా అని అడగొచ్చు. గెలిచింది. కానీ ఆ జట్టుకు ప్రాణమైన ఆరన్ డొనాల్డ్, కూపర్ కప్ ఇద్దరూ డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లే. తర్వాతి సీజన్‌లో ఆ జట్టు 5-12.

2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్‌లో చీఫ్స్ బార్క్‌లీని 57 గజాలకే కట్టేసింది. అయినా ఈగిల్స్ 40-22తో గెలిచింది. అవతలి కోచ్ ఎవరో కాదు, ఆండీ రీడే. అదనంగా ఒక్క డిఫెండర్‌నూ మీదికి పంపకుండానే చీఫ్స్ తరఫున పాసులు విసిరే పాట్రిక్ మహోమ్స్‌ను ఈగిల్స్ ఆటగాళ్లు ఆరుసార్లు పడేశారు. నాలుగో రౌండ్‌లో వచ్చిన జోష్ స్వెట్‌వి రెండున్నర (ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం), మూడో రౌండ్‌లో వచ్చిన మిల్టన్ విలియమ్స్‌వి రెండు. ఆ ఏడాదే రెండో రౌండ్‌లో వచ్చిన కూపర్ డిజీన్ తన 22వ పుట్టినరోజున మహోమ్స్ పాస్‌ను మధ్యలో అందుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

నెల తిరిగేసరికి స్వెట్ అరిజోనాకు, విలియమ్స్ నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లతో న్యూ ఇంగ్లండ్‌కు వెళ్లిపోయారు. ఆపుకోవాల్సిందని అప్పుడు నాకూ అనిపించింది. రోస్‌మన్ ఆపలేదు, బాన్‌కు మాత్రం మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో ఒక మెట్టు ముందుకు జరిగి, భుజానికి ఆపరేషన్ అయిన జిహాద్ క్యాంప్‌బెల్‌ను 31వ స్థానంలో తీసుకున్నాడు.