ఫార్వర్డు స్వేచ్ఛకు జరిగిన అన్యాయంపై ఒక విన్నపం

కరోనా కాలంలో విశాఖపట్నం పడిన పాట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఆసుపత్రుల గురించి రాశారు, ఆక్సిజన్ గురించి రాశారు, 2020 మే నెలలో మద్యం దుకాణాలు తెరిచిన పూట ఎండలో నిలబడ్డ బారుల గురించి కూడా రాశారు. కానీ ఎంవీపీ కాలనీలో 64 ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిగానూ, ఆ సంఘం వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌గానూ (ఈ రెండింటిలో అసలు అధికారం ఏ పదవికి ఉందో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి చెప్పనక్కరలేదు) నేను పడిన మనోవ్యథ గురించి ఇంతవరకు ఎవరూ కలం కదపలేదు. అందుచేత ఆ బాధ్యత నేనే తీసుకోవలసి వచ్చింది.

మా గ్రూపు మొదట్లో ఎంత సుభిక్షంగా ఉండేదో ముందుగా మనవి చేస్తాను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు. ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకు, అంటే 14 గంటలు. వైరస్ ఆయుష్షు 12 గంటలే కనుక అందరం తలుపులు వేసుకుని కూర్చుంటే అది వీధిలో దిక్కులేక చస్తుందని, ఈ లెక్క కట్టినది చాలా పెద్ద శాస్త్రవేత్త అని ముందురోజే గ్రూపులో పెట్టాను. ఆ శాస్త్రవేత్త పేరు ఎవరూ అడగలేదు. అడగకపోవడం ఆనాటి మర్యాద. రాత్రికి హెలికాప్టర్లు వచ్చి మందు చల్లుతాయని పెడితే, అరగంటలో మా వీధిలో దండేల మీద బట్టలన్నీ లోపలికి వెళ్లిపోయాయి. అంతకుముందు కోడిమాంసం వల్ల వస్తుందన్న సందేశాన్ని కూడా నా వంతుగా మోశాను. దాన్ని నమ్మినవారు మాంసం మానేశారు, ధర పడిపోయేసరికి నమ్మనివారు రెండేసి కిలోలు కొనుక్కున్నారు. అంటే భయపడినవారికి ఊరట, భయపడనివారికి ఆదా. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, పాల ప్యాకెట్టు కంటే ముందే 64 గుమ్మాలలో సమాచారం వేసేవాడిని. దీనికి నేను ఎన్నడూ ప్రతిఫలం ఆశించలేదు, రెండు చేతులు జోడించిన బొమ్మలు తప్ప.

ఇటువంటి ప్రశాంత వాతావరణంలోకి రెండో అంతస్తు అమ్మాయి ప్రవేశించింది. డిగ్రీ చివరి సంవత్సరం, కళాశాల మూసేశారు కనుక ఇంట్లోనే ఉంది. గాజువాకలో ఒకరు, పెందుర్తిలో ఇద్దరు, శ్రీకాకుళంలో ఇంకొకరు, ఇలా ఎవరెవరినో కూడగట్టుకుని తాము వాలంటీర్లమని చెప్పుకోవడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో ఆ మాటకు అప్పటికే ఒక అర్థం ఉంది కాబట్టి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం వచ్చే వార్డు వాలంటీరు ఉద్యోగం కాబోలని నేను అభినందనలు కూడా తెలిపాను. ఆ 5,000 కూడా లేని వాలంటీర్లు ఉంటారని అప్పుడే తెలిసింది. జీతం లేని మనిషిని ఎంతవరకు నమ్మవచ్చో పాఠకులే ఆలోచించాలి.

వెల్లుల్లి మరిగించిన నీళ్లు పుక్కిలిస్తే వైరస్ గొంతులోనే కరిగిపోతుందని నేను పెట్టిన ఉదయం, ఆ అమ్మాయి గ్రూపులో అందరి ముందూ, “అంకుల్, దీనికి ఆధారం ఏదైనా ఉందా? ఉంటే పంపండి, మేమూ చేర్చుకుంటాం” అని రాసింది. మా బావమరిది పంపాడని చెప్పాను. ఆయనకు ఎవరు పంపారని అడిగింది. పెళ్లి సంబంధానికి అడిగినట్లు వెల్లుల్లికి గోత్రం, ప్రవర అడిగిన మనిషిని నా 62 ఏళ్ల జీవితంలో అదే చూడడం.

విచారించగా తెలిసిందేమిటంటే, ఈ బృందం సాయంత్రాలు తెలుగు వికీపీడియాలో కరోనా వ్యాసాలు రాస్తోందట, దిద్దుతోందట. 2003 నుంచి ఉన్న ఆ వ్యవస్థకు యజమాని ఎవరో, ఎవరి సంతకంతో ఏది చెల్లుతుందో ఎంత అడిగినా నాకు అర్థం కాలేదు. ఒకరు రాసిన వాక్యాన్ని ముక్కూమొహం తెలియని మరొకరు చెరిపేస్తారు, చెరిపినవారిని ఇంకొకరు కారణం అడుగుతారు, చివరికి ముగ్గురూ కలిసి ఒక పొడి వాక్యాన్ని మిగులుస్తారు. వైద్య విషయమైతే ఎవరో ఒక డాక్టరు చెప్పాడన్నా చాలదట, ఒక పరిశోధనలో తేలిందన్నా చాలదట. అనేక పరిశోధనలను కలిపి పరిశీలించిన సమీక్షలోనో, పేరున్న ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలలోనో ఆ మాట ఉండాలట. లేకపోతే పక్కన ‘ఆధారం చూపాలి’ అని చిన్న అక్షరాలతో తగిలిస్తారు. ఆ తగిలింపు గనక మా గ్రూపులో అమలు చేసి ఉంటే, శుభోదయం తప్ప ఏ సందేశమూ నిలిచేది కాదు. 2020 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీరితో చేయి కలిపి తన బొమ్మలూ వీడియోలూ ఎవరైనా వాడుకోవచ్చని ఇచ్చేసిందని విన్నప్పుడు, ఈ వ్యాధి ఎంత దూరం పాకిందో బోధపడింది.

వీరి చాదస్తానికి ఒక ఉదాహరణ చాలు. ‘సామాజిక దూరం’ అనాలా, ‘భౌతిక దూరం’ అనాలా అని మూడు సాయంత్రాలు తర్జనభర్జన పడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే రెండో మాట వైపు మొగ్గిందని ఒకరు గుర్తుచేశారట. మన పత్రికలలో ‘సామాజిక వర్గం’ అంటే కులమని చంటిపిల్లవాడికి కూడా తెలుసు కాబట్టి, సామాజిక దూరం పాటించమంటే జనం మరోలా అర్థం చేసుకుంటారని, ఆ దూరాన్ని కొందరు తాతల నాటి నుంచి శ్రద్ధగా పాటిస్తూనే ఉన్నారని మా రెండో అంతస్తు అమ్మాయి వాదించిందట. ఈ వాదనలో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు. అందువల్ల ఇది అనవసర చర్చ అని గ్రూపులో తీర్పు ఇచ్చాను.

ఈలోగా పైనుంచి కూడా దెబ్బ పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి 2020 ఫిబ్రవరిలోనే మ్యూనిక్‌లో మాట్లాడుతూ, తాము వ్యాధితోనే కాక తప్పుడు సమాచారపు వరదతో కూడా పోరాడుతున్నామని అన్నారు. నా పేరు చెప్పలేదు, అది ఆయన సంస్కారం. ఏప్రిల్‌లో వాట్సాప్ వారు, ఎన్నో చేతులు మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా కట్టడి చేశారు. కొడుకూ కోడలూ, అత్తవారి వైపు వారు, పాత ఆఫీసు మిత్రులు, వాకింగు బృందం, వీరందరికీ విడివిడిగా నొక్కవలసి రావడంతో కుడి బొటనవేలు వాచిపోయింది. పోరాటంలో గాయపడినవారి జాబితాలో ఆ వేలు లేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ 2021 మే మొదటి వారంలో జరిగినదాన్ని మాత్రం విశాఖ పౌరుడిగా క్షమించలేను. ఎన్440కె అనే రకం ఒకటి బయటపడిందని, అది మామూలు వైరస్ కంటే 15 రెట్లు ప్రమాదకరమని వార్తలు వచ్చాయి. దాన్ని మొదట గుర్తించింది కర్నూలులో అన్నారు గానీ, ఎవరు బారసాల చేశారో, దానికి ‘విశాఖ వేరియంట్’ అన్న పేరు వచ్చేసింది. బ్రిటన్ రకం ఉంది, దక్షిణాఫ్రికా రకం ఉంది, ఇప్పుడు మన ఊరి రకం! ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం చకచకా ఉత్తర్వు కూడా ఇచ్చింది. రైల్వే జోను విషయంలో ఎన్నేళ్లు అడిగినా ఇంత వేగంగా స్పందించని ఢిల్లీ నగరం మన ఊరి పేరు విని ఉలిక్కిపడిందంటే ఎవరికి మాత్రం ఛాతీ పొంగదు? నేను ఆ వార్తను ఒక్కొక్కరికే పంపుతూ, కైలాసగిరి ఫొటో కూడా జతచేశాను.

మర్నాటికే ఆ బృందం నీళ్లు చల్లింది. ప్రయోగశాలలో కణాల మీద వేగంగా పెరగడం వేరు, జనంలో వేగంగా వ్యాపించడం వేరు, ప్రాణం తీయడం మరీ వేరు అని, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ శాస్త్రవేత్తలే ఈ రకం దక్షిణాదిలో తగ్గిపోతోందని, దాని స్థానంలోకి వేరే రకాలు వస్తున్నాయని చెప్పారని, ఆధారాలతో సహా పెట్టేశారు. ఊరికి ఒక ఖ్యాతి వస్తుంటే అడ్డుపడే స్వభావం కాకపోతే ఏమిటిది?

ఇక అసలు విషయానికి వస్తాను. 2021 ఏప్రిల్ 22 రాత్రి మన ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ రైలు వీడియో పంపుతూ నేను మేలుకుని ఉన్న సమయానికే, కింద రెండో అంతస్తులో ఆ అమ్మాయి కూడా మేలుకుని, ఊరిలో ఒక్క సిలిండరు ఎక్కడుందో కనుక్కుంటోంది. ఆ రోజుల్లో వీరు ఒక పట్టిక నడిపారు. దాన్ని నేను స్వయంగా చూశాను, సౌందర్యం ఏ కోశానా లేదు. ఎక్కడ, ఏ నంబరు, ఎవరు మాట్లాడారు, ఎన్ని గంటలకు, ఏమన్నారు, అంతే. అన్నిటికంటే పైన, పడకల కేటాయింపు ప్రభుత్వ హెల్ప్‌లైన్ 104 ద్వారా జరుగుతోంది కనుక ముందు అక్కడికి ఫోన్ చేయండని ఉంది. కింద గడి తర్వాత గడి చూసుకుంటూ పోతే ‘ఎత్తలేదు’, ‘నంబరు తప్పు’, ‘లేదు’, ‘లేదు’, ‘ముందు డబ్బు వేయమన్నారు, నమ్మవద్దు’, మళ్లీ ‘లేదు’. ఎక్కడో ఒకచోట ‘4.10కి రెండు పడకలు ఉన్నాయి’ అని ఉంటుంది, దాని పక్కనే ‘4.50కి లేవు’ అని మరొకరు రాసి ఉంటారు. ఉన్నవాటిని చెబితే సేవ. లేనివాటిని లేవని చెప్పడానికి నలుగురు పిల్లలు వంతులవారీగా రాత్రంతా ఫోన్లు చేయడం నాకు వింతగా తోచింది. ఆ ‘లేదు’ అన్న గడి వల్ల ఎంతమంది ఆ గుమ్మం దాకా వెళ్లి తిరిగి రాకుండా మిగిలారో లెక్క లేదు కాబట్టి, అటువంటి మేలు జరిగినట్లు నేను అంగీకరించనవసరం లేదు.

అయినా వారి శ్రమ వృథా పోకూడదని, పెద్దమనసుతో ఆ పట్టికను నేనే సంస్కరించాను. ‘లేదు’ అన్న వరుసలు అశుభంగా ఉన్నాయని తీసేశాను. టైములన్నీ చూడడానికి రైల్వే టైంటేబుల్‌లాగా ఉన్నాయి, తీసేశాను. 104 అందరికీ తెలిసిందే, అదీ తీసేశాను. నా దగ్గర ఉన్న మరో పదకొండు నంబర్లు, ప్లాస్మా దాతల వివరాలు (ఆ మే 17న ప్లాస్మాను చికిత్సా మార్గదర్శకాల నుంచే తొలగించారని తర్వాత తెలిసినా, జాబితా నిండుగా ఉంటుందని ఉంచేశాను), ముద్దకర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న చిట్కా చేర్చి, పైన ఎర్ర అక్షరాలతో ‘నూటికి నూరుపాళ్లు ధ్రువీకరించినది’ అని, కింద నా పేరు, హోదా వేసి లోకంలోకి వదిలాను. సందేశం అంటే అలా ఉండాలి. మూడు రోజుల్లో రాజమహేంద్రవరం నుంచి మా తోడల్లుడు దాన్ని నాకే పంపి, “విశాఖలో మీవాళ్లు ఎంత బాగా పనిచేస్తున్నారో చూడండి బావగారూ” అని మెచ్చుకున్నాడు.

చిన్నచిన్న అసౌకర్యాలు కలగలేదని అనను. నాలుగో అంతస్తు పెద్దాయన అందులోని ఒక నంబరుకు సిలిండరు కోసం అడ్వాన్సు పంపితే ఆ ఫోను మళ్లీ మోగలేదు. ఆ నంబరు పక్కన వారి పట్టికలో ‘నమ్మవద్దు’ అని ఉండేదట. ఆ వరుస చూడడానికి బాగుండలేదని నేను ఆ మాట మాత్రమే తీశాను, నంబరు తీయలేదు. ఇక సందేహాలకు సంప్రదించమని పట్టిక అడుగున ఆ అమ్మాయి వేసుకున్న నంబరు, నా కత్తిరింపులలో ‘ఆక్సిజన్, విశాఖ’ అన్న శీర్షిక కిందికి జరిగింది. అర్ధరాత్రి రెండింటికి బరంపురం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయని వాళ్లమ్మగారు మెట్ల దగ్గర ఆపి అడిగారు. నంబరు మార్చుకోమని సలహా ఇచ్చాను. మార్చుకోమంటే వినడం లేదని, ఎత్తి, “లేదండీ, ఎవరికి అవసరం? ఇప్పుడు రీడింగు ఎంత ఉంది? 104కి చేశారా?” అని ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడుతోందని ఆవిడ అన్నారు. ఎదుటివారు చెప్పిందల్లా వింటూ కూర్చుంటే నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

వీరిలాంటివారే మరికొందరు 2020 మార్చి నుంచి దేశమంతటి కేసుల లెక్కలను రాష్ట్రాల బులెటిన్ల నుంచి ఏరి ఒకచోట పెట్టిన సైటును, 2021 అక్టోబరు 31న తమంతట తామే ఆపేశారు. మా పిల్లలు కూడా ఆ జూన్ దాటాక పట్టిక పైన ‘ఇందులోని వివరాలు పాతవి, వాడవద్దు’ అని రాసి మూసేశారు. 2014 నుంచి ఏకగ్రీవంగా కార్యదర్శిగా కొనసాగుతున్న నాకు, ఎవరూ పొమ్మనకుండా కుర్చీ వదిలేసే ఈ పద్ధతి మింగుడుపడలేదు.

నా జాబితా మాత్రం మూతపడలేదు. పోయిన నెలలో కూడా, జ్వరాల కాలం కదా, ఎన్నో చేతులు మారిందని చెప్పే రెండు బాణాల గుర్తు వేసుకుని నా దగ్గరికే తిరిగి వచ్చింది. నా పేరు ఎక్కడో రాలిపోయింది, ఆ అమ్మాయి నంబరు అలాగే ఉంది, పైన ‘ఈ ఉదయమే ధ్రువీకరించినది’ అని కొత్తగా చేరింది. పంపినవారు చాలా నమ్మకస్తులు. నేను ఒక్కరికే పంపాను, ఒకసారికి అంతకు మించి పోనివ్వరు కదా.