క్లైవ్ దొర పక్కన మన పంతులుగారి బొమ్మ ఏదీ?

ఇంగ్లాండు వెళ్ళిన మనవాళ్ళు లండన్‌లో గడియారం ముందు ఒక ఫొటో, స్టోన్‌హెంజ్‌లో రాళ్ళ ముందు ఒక ఫొటో దిగేసి ఇంకేముంది చూడ్డానికి అని తిరిగొచ్చేస్తున్నారు, ఇది చాలా బాధ్యత లేని పని అని మనవి. బర్మింగ్‌హామ్‌లో రైలెక్కితే గంటలో ష్రూస్‌బరీ. మిగతా దేశం వాళ్ళకి అది టూరిస్టు ప్లేసేమో గానీ శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న జనానికి మాత్రం తనిఖీకి వెళ్ళాల్సిన చోటు, ఎందుకో చెప్తా.

ముందు నది సంగతి. సెవర్న్ ఊరిని దాదాపు చుట్టేసి ఒక్క ఇరుకు చోట వదిలిపెట్టింది, అక్కడే కోట కట్టారు, ఆ కోట పక్కనే రైల్వే స్టేషనూ పెట్టారు. బ్రిటన్ మొత్తానికి ఇదే పొడుగాటి నదట, 354 కిలోమీటర్లు. గోదారి 1,465. రాజమండ్రి మనిషి గట్టున నిలబడి "ఓస్ ఇదేనా" అనడం సహజం, కానీ చలికాలంలో వరదొస్తే ఇదే నది వీధుల్లోకి వచ్చేస్తుంది. అప్పుడు ఫ్రాంక్‌వెల్ వైపు అల్యూమినియం పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కట్టేస్తారు, నీళ్ళు తగ్గాక విప్పేసి మళ్ళీ లోపల పెట్టుకుంటారు. ఈ విప్పి లోపల పెట్టుకోవడం అనేది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు, ఒక్క పలకైనా ఎవరి గొర్రెల దొడ్డికీ తలుపుగా మారకపోవడమేంటి అసలు.

ఊళ్ళో వీధుల పేర్లు వైల్ కాప్, డాగ్‌పోల్, మార్డల్. నల్ల దూలాలు తెల్ల గోడల ఇళ్ళు, నాలుగైదు వందల ఏళ్ళవి, పై అంతస్తులు రోడ్డు మీదకి వాలిపోయి ఉంటాయి. మన మున్సిపాలిటీ అయితే శిథిల భవనం అని నోటీసు అంటించి పోయేది, వీళ్ళు లోపల కాఫీ అమ్ముతున్నారు. పుణె వెళ్ళొచ్చిన ప్రతివాడూ డబ్బాల్లో మోసుకొచ్చే ష్రూస్‌బరీ బిస్కెట్లకి పేరు ఈ ఊరిదే.

ఇప్పుడు అసలు విషయం. ఊరి నడిబొడ్డున స్క్వేర్ అని ఉంటుంది, అక్కడ 1596లో కట్టిన పాత మార్కెట్ హాలు, ఒకప్పుడు దాని మేడ మీద ఉన్ని బట్టల బేరాలు జరిగేవి, ఇప్పుడు సినిమా ఆడుతోంది. దాని ముందు ఎత్తు దిమ్మ మీద కంచు విగ్రహం, ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్. 1761 నుంచి పోయేదాకా ఈ ఊరి ఎంపీ, 1762లో మేయరు కూడా. విగ్రహం పెట్టింది 1860లో, అంటే సిపాయిల తిరుగుబాటు అయిన మూడేళ్ళకి, టైమింగ్ చూడండి. మనవాళ్ళు ఎవరో దొర అనుకుని దిమ్మ దగ్గర పులిహోర డబ్బా పెట్టి సెల్ఫీ దిగి వెళ్తున్నారు. మనుషులందరికీ మూలం ఒకటే అని చెప్పిన డార్విన్ కూడా ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1809లో, ఆయన బొమ్మ లైబ్రరీ ముందు కుర్చీలో కూర్చుని ఉంటుంది. నిలబడే బాధ్యత క్లైవ్‌కి ఇచ్చారు.

ఈ క్లైవ్ బెంగాల్ నవాబు మీర్ జాఫర్ దగ్గర ఏడాదికి 27 వేల పౌన్లొచ్చే జాగీరు రాయించుకున్నాడు, తర్వాత పార్లమెంటులో నిలదీస్తే ఇంత తక్కువతో సరిపెట్టుకున్నందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది అన్నాడని చెప్తారు. మన ఎమ్మెల్యేల్లో ఒక్కరికైనా ఇంత వినయం ఉందా?

2020లో విగ్రహం తీసేయాలని జనం సంతకాలు పెడితే కౌన్సిల్ వాళ్ళు ఓట్లు వేసుకుని, ఉండనిద్దాం, పక్కన వివరంగా ఒక బోర్డు పెడదాం అని తేల్చారు. ఆ నిర్ణయాన్ని నేను పూర్తిగా సమర్థిస్తున్నా. నా కంప్లయింటల్లా ఆ దిమ్మ మీద ఆయనొక్కడే ఎందుకున్నాడని.

ఎందుకంటే మన కోస్తా ఆయనొక్కడి చేతుల మీదుగా పోలేదు. విజయనగరం ఆనందగజపతి రాజుగారు ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో రండి రండి అని కబురు పెడితేనే కదా క్లైవ్ కల్నల్ ఫోర్డుని పంపించాడు, 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759లో ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి బందరు కోట పోయింది. 1765లో మొగల్ పాదుషా షా ఆలం ఉత్తర సర్కార్లని, అంటే మన కోస్తా జిల్లాలని, క్లైవ్‌కి ఫర్మానా ఇచ్చేశాడు, పాదుషా చేతిలో అవి ఎప్పుడున్నాయి గనక, అంటే పొజిషన్ లేని ప్లాటుకి రిజిస్ట్రేషన్ అన్నమాట. నిజమైన హక్కుదారు నిజాంతో తేల్చుకోవాలి కదా, 1766లో కంపెనీవాళ్ళు ఏడాదికి 9 లక్షల రూపాయలు ఇస్తామని ఒప్పందం అయింది, ఆ బేరంలో అటూ ఇటూ మాటలు నడిపిన దుబాసీ మన కాండ్రేగుల జోగిపంతులు గారు. ఎకరం పొలం అమ్మినా మధ్యవర్తికి రెండు పర్సెంట్ ఇస్తామే, ఇన్ని జిల్లాలు ఇప్పించినాయనకి ష్రూస్‌బరీలో అరడుగు బొమ్మ కూడా లేదు. రాజుగారి సంగతీ అంతే. ఆయన పిలవకపోతే వీళ్ళు అప్పట్లో వచ్చేవాళ్ళా, చెప్పండి.

కాబట్టి నా డిమాండు చిన్నది, క్లైవ్‌ని కదపక్కర్లేదు, ఎడమవైపు రాజుగారు, కుడివైపు తలపాగాతో పంతులుగారు. ఆ దిమ్మ మీద క్లైవ్ అని ఒక్క ముక్కే చెక్కారు, మనవాళ్ళకి అలా కుదరదు, ఇంటిపేరు బిరుదులతో సహా పడాలి, దాతల పేర్లు వెనక పలకం మీద. కౌన్సిల్ ఒప్పుకుంటుందా లేదా అన్నది తర్వాత సంగతి, ముందు బ్రిటన్‌లో ఉన్న తెలుగు సంఘాల్లో చందాలు ఎవరు వసూలు చేయాలో తేలాలి, ఆవిష్కరణకి ఏ హీరోని పిలవాలన్న దాని మీద రెండు వాట్సాప్ గ్రూపులు ఆల్రెడీ చీలిపోయాయి.