నటి లేకుండా నాయికను తయారుచేయు విధానము

నటీమణుల వల్ల కలిగే ఇబ్బందుల నుంచి తెలుగు వినోద రంగాన్ని విముక్తం చేయడానికి మన పెద్దలు నూరేళ్లకు పైగా సాగిస్తున్న కృషికి తగిన గుర్తింపు రాలేదని ఈ వ్యాసకర్త చింతిస్తున్నాడు. కథకు నాయిక కావాలనడంలో సందేహం లేదు. ఆమె లేనిదే టిక్కెట్టూ తెగదు, రేటింగూ లేవదు. అయితే నాయిక కావాలంటే నటి అనే మనిషి కూడా కావలసిందేనా అన్నది ఈ రంగాన్ని మొదటి నుంచీ వేధిస్తున్న ప్రశ్న.

తొలి సమాధానం సూటిగానే దొరికింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. సత్యభామగా స్థానం నరసింహారావు గారు రంగస్థలం మీద నడుస్తుంటే ఆ సింగారం చూసి ఇంటి ఆడవాళ్లే చీరకట్టు దిద్దుకునేవారని చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన ప్రతిభను శంకించేవాడు మూర్ఖుడే. కానీ దాని నుంచి మనవాళ్లు గ్రహించిన నీతి వేరు: ఆడవేషానికి ఆడమనిషి అనివార్యం కాదు. ఈ చక్కని ఏర్పాటును చెడగొట్టినవారూ లేకపోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో నాటకం మొదలుపెట్టిన వనారస వారి కుటుంబం కూతుళ్లనూ కోడళ్లనూ రంగస్థలం ఎక్కించి, పసిపిల్లలకు మాటలు స్థిరపడకముందే లోహితాస్యుడి వేషం కట్టి, నటన అంటే బతుకు తెరువు అనే ప్రమాదకరమైన భావనను వ్యాప్తి చేసింది. ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి పరిస్థితిని మరింత విషమింపజేశారు.

అలా వచ్చిపడిన నటిని పరిషత్తు నాటకాలు, అంటే బహుమతుల కోసం పోటీపడే నాటకాలు, ఎంతో నేర్పుగా సర్దుకున్నాయి. నాటికలో ఒకే స్త్రీ పాత్ర ఉండేలా రాయించుకుంటే సగం సమస్య తీరుతుంది. మిగిలిన సగం ఆమె పారితోషికం. నాటక సమాజంలోని మగవారందరూ పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం కళాసేవ చేస్తారు. ఆమె ఒక్కతే నాటకం మీద బతుకుతుంది. కనుక లెక్కల పుస్తకంలో వారు కళాకారులు, ఈమె ఖర్చు. అదే పరిషత్తులో మొదటి నాటికలో కూతురిగా, మూడో నాటికలో ముసలితల్లిగా, మధ్యలో తెర వెనుక జుట్టుకు తెల్లరంగు పూసుకునే మనిషిగా ఆమె చేసే సేవను మాత్రం ఎవరూ ఖర్చు కింద రాయరు. న్యాయనిర్ణేతలకూ ఆమె వల్ల తలనొప్పే: ఉత్తమ నటి బహుమతికి ఆమెకు పోటీ ఆమే.

ఈ మహాయజ్ఞానికి పూర్ణాహుతి ఇచ్చింది టీవీ సీరియల్. ఇరవయ్యేళ్లు నాటకాలాడిన నటి సెట్టులోకి వచ్చేటప్పుడు చివరి వరుసకు వినిపించే గొంతు, గంటన్నర పాఠం నిలుపుకోగల జ్ఞాపకశక్తి వెంట తెచ్చుకుంటుంది. పాపం, ఆమెకు తెలియదు. జ్ఞాపకశక్తి అక్కర్లేదు, అసిస్టెంటు డైరెక్టరు పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇస్తాడు. గొంతు అసలే అక్కర్లేదు, డబ్బింగ్ థియేటర్లో మరొకరి గొంతు సిద్ధంగా ఉంటుంది. ఆ గొంతుగల మనిషి ముఖం ప్రేక్షకులకు ఎన్నటికీ తెలియదు గనుక ఒకే నాయికతో ఇద్దరు నటీమణులను లేకుండా చేసినట్టవుతుంది. కన్నీళ్లకు గ్లిజరిన్ ఉంది. భావానికి జూమ్ ఉంది: ఉరుము చప్పుడుతో మూడుసార్లు ముఖం దగ్గరికి వస్తే అది కోపమో, దుఃఖమో, అత్తగారి కుట్ర బయటపడిన దిగ్భ్రమో నేపథ్య సంగీతం తేలుస్తుంది. ఆమె చేయవలసిందల్లా రెప్ప వేయకుండా ఉండటం. రంగస్థలం మీద సంవత్సరాల తరబడి నేర్చుకున్నదంతా ఈ ఒక్క పనికి అడ్డం వస్తుంది కాబట్టే దర్శకులు ఆమెతో “అమ్మా, కొంచెం నాటకం తగ్గించండి” అని వినయంగా అంటుంటారు.

కట్టుకోవలసిన చీరలు చాలాసార్లు ఆమే తెచ్చుకోవాలి. హీరో కన్నా రెండేళ్లు పెద్దదైతే అతనికి తల్లిగా పదోన్నతి లభిస్తుంది. పేమెంటు సంగతి పాత్రకు సంబంధించినది కాదు కనుక ఇక్కడ ప్రస్తావించను. ఆమె ప్రస్తావించినప్పుడు ఏం జరుగుతుందో మాత్రం చెప్పక తప్పదు. ఎక్కువగా అడిగిన వారంలోనే ఆ పాత్ర తీర్థయాత్రకు వెళుతుంది, లేదా కోమాలోకి వెళుతుంది. మరీ తొందరైతే, ఇకనుంచి ఈ పాత్రలో ఫలానావారు నటిస్తారని తెర మీద ఒక పంక్తి వేస్తారు. కొత్త ముఖాన్ని భర్త గుర్తుపడతాడు, పిల్లలు గుర్తుపడతారు, శుక్రవారం దాకా అనుమానపడిన ప్రేక్షకులు సోమవారానికి ఆమె కోసమే కంటతడి పెడతారు. గొంతు మాత్రం పాతదే ఉండవచ్చు.

ఇంతవరకూ వచ్చాక ఉత్తమ నటి అవార్డు నిబంధనలు పాతవిగా ఉండటం భావ్యం కాదు. ముఖానికి జ్ఞాపిక, గొంతుకు శాలువా, జ్ఞాపకశక్తికి గాను అసిస్టెంటు డైరెక్టరుకు ప్రశంసాపత్రం, భావప్రకటనకు గాను జూమ్ తిప్పిన కెమెరామన్‌కు పూలదండ ఇచ్చేలా వాటిని సవరించాలని మనవి. నటిని సభకు పిలవవలసిన పనిలేదు. ఎలాగూ ఆ సాయంత్రం ఆమెకు కాల్షీటు ఉంటుంది.