మా ఊరి మునిసిపల్ స్టేడియం గారికి

మహారాజశ్రీ స్టేడియం గారి దివ్య సముఖమునకు,

ఉభయ కుశలోపరి అని రాద్దామనుకున్నాను. తమరి కుశలం గేటు దగ్గరే తెలిసిపోయింది కనక ఆ మాట వదిలేస్తున్నాను.

తమరికి క్షణం తీరిక ఉండదని తెలుసు. ఆగస్టు 15కి జెండా, దసరాకి రావణాసురుడు, దీపావళికి టపాసుల కొట్లు, సంక్రాంతికి ఎగ్జిబిషన్. ఆదివారాలు కారు నేర్చుకునేవాళ్లు. ఇన్ని పనుల మధ్య ఆడుకోవడానికి ఎవడైనా వస్తే చిరాకే మరి. ఎగ్జిబిషన్ వాళ్లు జెయింట్ వీలు విప్పుకుపోతూ మేకులు మాత్రం మాకే వదిలేస్తారు. స్పైకులు బూట్లకే ఉండాలని ఏముంది, నేలకుంటే చాలదూ!

ఉత్తరం వైపు గోలుకి పైకడ్డీ ఎప్పుడో పోయింది. రెండు నిట్రాళ్లు మిగిలాయి. బంతి ఎత్తుగా వెళ్తే గోలా కాదా అన్నది ఎవరి గొంతు పెద్దదో వాళ్లే తేలుస్తారు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకి ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన కోచ్ మన హైదరాబాద్ రహీం సాబేనంటే కుర్రాళ్లు నమ్మారు. ఆ ఆటలో గోలుకి పైన కడ్డీ ఉండేదంటే మాత్రం నమ్మట్లేదు.

సరే, అసలు సంగతి. తమరి గేటు మీద ‘400 మీటర్ల ట్రాక్’ అని రాసి ఉంది. మా అన్నయ్య కూతురు కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం మూడు నెలలు తెల్లారుజామున అయిదింటికే వచ్చి తమరి చుట్టూ నాలుగేసి రౌండ్లు కొట్టింది. 1600 మీటర్లు కదా. దాని టైమింగ్ చూసి ముక్కున వేలేసుకున్నాం. తీరా సెలెక్షన్లలో పోయింది. ఇంటికొచ్చి, “బాబాయ్, అక్కడ నాలుగో రౌండు ఎంతకీ అవ్వట్లేదు” అంది.

అనుమానమొచ్చి మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చాను. లోపలి అంచు వెంబడి అదీ నేనూ వంగి వంగి కొలిచాం. ఒకసారి కాదు, రెండుసార్లు. 372. రౌండుకి 28 మీటర్లు గల్లంతు. నాలుగు రౌండ్లకి 112.

ఎక్కడికి పోయాయో వెతకక్కర్లేదు. ఆదాయం కోసమని రోడ్డు వైపు తమరి ఒంపు కోసి షాపులు కట్టారు కదా, వాటి కిందున్నాయి. అక్కడి టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తింటున్నప్పుడల్లా మూడో లేన్లో అడ్డంగా కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం తెచ్చింది. పాపం, అంత దూరం వెళ్లి పూర్తి 400 పరిగెత్తింది! తమరి దగ్గరైతే ఆషాఢం డిస్కౌంటులా నాలుగు సెకన్లు అక్కడికక్కడే తగ్గేవి.

వచ్చే నెల ఎవరో పెద్దాయన హెలికాప్టర్‌లో దిగుతున్నారట. రోలరు తిప్పుతారు, నీళ్లు కొడతారు, సున్నంతో ఇంత పెద్ద ‘హెచ్’ గీస్తారు. ఆ సున్నం అర బస్తా మిగిలితే గ్యాలరీ కింద గదిలో దాచి పెట్టించండి. పిల్లకి మళ్లీ నోటిఫికేషన్ పడింది. మొదలు గీత 112 మీటర్లు వెనక్కి వేసుకుంటాం. టేపు ఇంకా మేస్త్రీకి తిరిగివ్వలేదు.

ఇట్లు,
తమరి 372 మీటర్ల అభిమాని